వెనక మనిషి కొలత

చొక్కాకి కొలతలిస్తారు, జాకెట్టుకి ఇస్తారు, పూజామందిరానికీ ఇస్తారు. మోటారు సైకిలుకి కొలతలిచ్చిన మనిషిని తాటిపాక కాలవగట్టు ఆ సోమవారం దాకా ఎరగదు. అందుకని పెదబాబుగారంతటి ఆసామీ వెల్డింగు షెడ్డులో ఎత్తుపీట మీద కాళ్లు చెరో పక్కకీ వేసుకుని, దూలానికి వేలాడదీసిన వెదురుకర్రని హ్యాండిలులా రెండు చేతులా పట్టుకుని కూర్చుంటే, దారినపోయే వాళ్లందరికీ ఒక్కసారిగా పనులన్నీ వాయిదా పడిపోయాయి.

"బాబుగారి కిందనించి బండెవరో లాక్కుపోయినట్టున్నారండీ" అన్నాడు ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న రామ్మూర్తి.

"నవ్వవయ్యా, నవ్వు. నీ టీలో పంచదారకి కూడా ఇలాగే కొలతుంటే మా షుగరు ఇంత పెరిగేది కాదు" అన్నారు పెదబాబుగారు, మెడ కదపకుండా. కదలొద్దని శివనాగరాజు చెప్పాడు మరి.

శివనాగరాజు టేపు పట్టుకుని ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. మోకాలి నుంచి మడమకి, తుంటి నుంచి భుజానికి, భుజం నుంచి వెదురుకర్రకి. అతను చెప్పిన కొలతని భార్య సూర్యకుమారి సుద్దముక్కతో గోడరేకు మీద రాస్తోంది. పొద్దున్నే వంట ముగించి షెడ్డుకొస్తుందామె. అతకడం అతని పని, అతకబోయే గొట్టాల మూతులు ఆకురాయితో అరగదీసి ఒకదానికొకటి అమర్చడం ఆమె పని.

పెదబాబుగారి పాత బండి వెనకటి వారమే తోటగట్టు మీద నడిమికి విరిగింది. విరిగి ఊరుకుందా, ఆయన్నీ, వెనకాల కూర్చున్న భార్య సత్యనారాయణమ్మగారినీ, ఆవిడ ఒళ్లో ఉన్న అన్నం కేరియర్నీ కలిపి పక్కనున్న బోదెకాలవలో వేసింది. ఇంజిను ఇంకా పాటలు పాడుతోంది. సముద్రపు గాలికి ఫ్రేము గొట్టాలే లోపల్లోపల తుప్పట్టి, స్క్రూడ్రైవరుతో పొడిస్తే అప్పడంలా చిల్లులు పడుతున్నాయి. అల్లుడు స్కూటరు కొనిపెడతానన్నాడు.

"అవీ ఒక చక్రాలేనా? గట్టు మీద గుంటొస్తే స్కూటరు గుంటలో ఉంటుంది, నేను కొబ్బరిచెట్టు మొదట్లో ఉంటాను" అన్నారు పెదబాబుగారు. "నాకు కిందకుండాలి, పొడుగ్గా ఉండాలి, నా ఒంటికి తగ్గట్టుండాలి. రోడ్డెక్కించను, కాయితాలతో పనిలేదు. నీ షెడ్డు వెనక కాలవ మీది చప్టా దాటితే నా తోటే కదా, ఆ గట్ల మీదే తిప్పుకుంటాను."

అందరికీ నవ్వులాటగానే ఉంది గానీ శివనాగరాజుకి కాదు. అతని పాస్‌పోర్టు రాజోలులో గల్ఫు ఏజెంటు దగ్గరుంది. శనివారం సాయంత్రం అది వీసా స్టాంపింగుకి బొంబాయి వెళ్లిపోతుంది, ఆ తరవాత వెనక్కి అడగడానికుండదు. ఎడారిలో పన్నెండేళ్లు నూనె గొట్టాలు అతికొచ్చిన మనిషి ఇక్కడ గేట్లూ కిటికీ ఊచలూ అతుకుతుంటే జనం 'గేట్ల నాగరాజు' అని పేరు పెట్టారు. ఆ పేరు విని విని ఒళ్లు మండి ఒకరోజు పాస్‌పోర్టు పట్టుకెళ్లి ఏజెంటుకిచ్చేసి, ఇంటికొచ్చాక భార్యకి చెప్పాడు. ఆమె "ఆయ్" అని అన్నం వడ్డించింది. ఆ మర్నాడో ఆ పై మర్నాడో పెదబాబుగారు ఇంజిను ట్రాక్టరు మీద వేసుకొచ్చి, దీనికో ఒళ్లు కట్టి పెట్టవయ్యా అన్నారు.

తలకాయ నుంచి తోక దాకా సొంతచేత్తో కట్టే ఫ్రేము. ఎన్నాళ్లుగానో చేతులు ఊరుతున్న పని. శివనాగరాజు మనసులోనే ఒట్టు పెట్టుకున్నాడు. శనివారంలోగా ఈ ఫ్రేము మీద బండి తిన్నగా పరిగెడితే పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకుని ఇక్కడే ఫ్రేములు కట్టుకుంటాడు. పరిగెత్తలేదో, గేట్ల నాగరాజు విమానం ఎక్కేస్తాడు. అంతే, ఇంక మాట లేదు.

అందుకే కొలతలు అంత భయంగా తీస్తున్నాడు. ఆఖర్న పెదబాబుగారి వెనక దూలం నుంచి దారానికి ఇనపగుండు వేలాడదీశాడు, తాపీమేస్త్రీలు గోడకి చూసినట్టు. దారం వెన్నుపూస మీంచి రావాలి. రాలేదు. పెదబాబుగారి ఒళ్లు రెండు వేళ్లంత కుడిపక్కకి ఒరిగి ఉంది.

"తిన్నగా కూర్చోండి బాబుగారూ."

"కూర్చున్నాను కదయ్యా."

నిజంగానే ఆయన తిన్నగా కూర్చున్నాననే అనుకుంటున్నారు. పీట జరిపి చూశాడు, లేపి మళ్లీ కూర్చోబెట్టాడు. మళ్లీ అంతే, రెండు వేళ్లు.

"నడుం నొప్పేమన్నా ఉందాండీ?"

"ఆయ్. ముప్పై ఏళ్ల నించీ."

శివనాగరాజు కళ్లు మెరిశాయి. ఇదీ కొలతంటే. ఏ కంపెనీవాడు కనిపెట్టి చేస్తాడు ఇలాటిది? మనిషి నడుం కుడికి వాలి ఉంటే బండి కూడా అందుకు తగ్గట్టే ఉండాలి. కుడిపక్క కాలుపెట్టుకునేది అంగుళం కిందకి దించాలి, సీటు కుడి అంచుని కాస్త వాల్చాలి.

"రాసుకో" అన్నాడు భార్యతో, పెద్ద రహస్యం చెబుతున్నట్టు. ఆమె పెదబాబుగారి వీపు వంక ఒకసారి చూసి, ఏదో అనబోయి, రాసుకుంది.

మంగళవారం పొద్దున్న గొట్టాలు వంచే పని. ఖాళీ గొట్టాన్ని కాల్చి వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. లోపల ఇసుక కూరి, రెండు మూతులకీ చెక్కబిరడాలు దిగ్గొట్టి, అప్పుడు కాల్చి వంచాలి. ఆ ఇసుకలో తడుండకూడదు. ఉంటే ఆవిరి పట్టి బిరడా ఎగిరి ఎవరి పళ్లు రాలగొడుతుందో చెప్పలేం. అంతర్వేది సముద్రపొడ్డు ఇసుక ఉప్పు, పనికిరాదు. అందుకని సూర్యకుమారి గోదావరి ఇసుక జల్లించి, షెడ్డు ముందు పొయ్యి పెట్టి, పాత మూకుట్లో వేయిస్తోంది.

"ఏమ్మా, ఏంటి వేపుతున్నావు?" అన్నాడు రామ్మూర్తి కొట్లోంచే.

"మీ టీలోకి నంజుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ బాబాయిగారూ" అందామె, గరిటె ఆపకుండా.

శివనాగరాజు గ్యాసుమంట గొట్టం మీద నెమ్మదిగా అటూ ఇటూ నడిపించాడు. ఇనుము మందారం రంగుకొచ్చాక, చెక్క అచ్చు చుట్టూ ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగారు. లాగడంలో ఒకళ్లు ముందు, ఒకళ్లు వెనకా అయితే వంపు మెలికపడుతుంది. "ఊఁ" అని అతనంటే "ఊఁ" అని ఆమె. మాటంతే. గొట్టం చల్లారాక బిరడా పీకి ఇసుక గుమ్మరిస్తే లోపలి గుండ్రం ఎక్కడా చెడలేదు. శివనాగరాజు గొట్టాన్ని కంటికి ఆనించి దాంట్లోంచి కాలవని చూశాడు, రామ్మూర్తిని చూశాడు, భార్యని చూశాడు. ఊరికే, సంతోషం పట్టలేక.

మధ్యాహ్నం ఆకురాయి అరిగిపోయిందని, కొత్తది తెచ్చుకుంటానని సూర్యకుమారి ఆటో ఎక్కి రాజోలు వెళ్లింది. ఒక ఆకురాయికి సాయంత్రం దాకా పట్టింది. వచ్చేటప్పటికి శివనాగరాజు చిరాకుపడుతున్నాడు.

"రాజోల్లో ఆకురాయి దొరకలేదా, తయారు చేయించి తెచ్చేవా?"

"మంచిది ఏరుకోవాలి కదండీ" అని చీరకొంగు నడుముకి చుట్టి గొట్టం బిగించుకుంది.

గొట్టం కొస ఇంకో గొట్టం బుగ్గ మీద కూర్చోవాలి. సందులేకుండా, ముద్దులా. ఆమె నాలుగు రాపులు రాసి, ఆనించి, వెనక టార్చిలైటు పెట్టి చూస్తుంది. సందులోంచి వెలుతురు దూరితే మళ్లీ రాపు. ఎక్కువ రాస్తే గొట్టం పొట్టిదైపోతుంది, అప్పుడు తిట్టుకుని లాభం లేదు. వెలుతురు ఎటునుంచీ రాదన్నాక అతనికి అందించింది. అతను నేల మీద మట్టం చూసుకుని బిగించిన ఇనపబల్ల మీద గొట్టాలు నిలబెట్టి, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా రెండు దారాలు లాగి, చిన్న చిన్న చుక్కలుగా అతికాడు. ఒక చుక్క ఇటైతే ఇంకో చుక్క అటు, వేడికి ఒకవైపు లాగకుండా. బుధవారమంతా అదే. నీలం మంట, సన్నటి కడ్డీ, అతుకు మీద చేపపొలుసుల్లాటి గీతలు.

టీ గ్లాసులు తీసుకెళ్లడానికొచ్చిన రామ్మూర్తి కూడా అతుకు మీద వేలు రాసి చూసి, "బానే ఉందిరా" అన్నాడు. ఆయన నోట అంత మంచిమాట రావడం టీ కొట్టు పెట్టాక అదే మొదలు.

ఒకటే ఆశ్చర్యం. రోజూ ప్రాణాలు తోడేసే ఏజెంటు ఆ రోజంతా ఫోను చెయ్యలేదు. మనం ఎలాగూ దొరికేశామనుకున్నాడు కాబోలు, ఇంక అడగడం ఎందుకని, అనుకున్నాడు శివనాగరాజు.

గురువారం ఇంజిను దించి, చక్రాలు బిగించి, రంగు లేకుండానే బండిని బయటికి తీశారు. కిందకుంది, పొడుగ్గా ఉంది, ఎండలో అతుకులు మెరుస్తున్నాయి. పెదబాబుగారు తెల్లపంచె ఎగ్గట్టి ఎక్కి కూర్చున్నారు. కూర్చోగానే మొహం విచ్చుకుంది.

"ఓరి నీ అసాధ్యం కూలా, నా మంచం మీద కూడా ఇంత సుఖం లేదయ్యా."

కిక్కు కొట్టారు, గేరు వేశారు, బయల్దేరారు. షెడ్డు వెనక బాట తిన్నగా చప్టాకి వెళుతుంది. బండి మాత్రం తిన్నగా వెళ్లలేదు. కుడికి, కుడికి, ఇంకా కుడికి జరుగుతూ పోయింది. ఆయన హ్యాండిలు ఎడమకి లాగుతున్నారు, బండి వినడం లేదు. చప్టా ఎడంచేతివైపు ఉండిపోయింది, పెదబాబుగారు నిదానంగా, మర్యాదగా, పీచు కొబ్బరిడొక్కల పోగులోకి వెళ్లి ఆగారు.

దెబ్బ తగల్లేదు. కానీ కాలవగట్టంతా నవ్వింది. డొక్కల్లోంచి లేచి పంచె దులుపుకుంటూ, "లాగుతోందయ్యా శివా" అన్నారాయన పాపం, కోపంగా కూడా కాదు.

శివనాగరాజు బండిని మళ్లీ ఇనపబల్ల మీదకెక్కించి దారాలు లాగాడు. చక్రాలు రెండూ ఒకే గీత మీదున్నాయి. ముందుగొట్టం వాలు చూశాడు. సరిగ్గా ఉంది. ఇనుములో ఎక్కడా తప్పులేదు. తప్పు కనిపిస్తే దిద్దుకోవచ్చు, కనపడని తప్పుని ఏం చేస్తాడు? పెదబాబుగారు మళ్లీ వస్తానని వెళ్లిపోయాక పీట మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చినంత పనైంది.

"గేట్లు అతుక్కునేవాడికి ఎందుకే ఇవన్నీ" అన్నాడు. "పోతాను. ఎడారిలో గొట్టాలు ఎటు లాగినా ఎవరూ నవ్వరు."

సూర్యకుమారి అతని వెనక్కొచ్చి, ఇనపగుండు దారాన్ని దూలం నుంచి దించింది. దారం అతని వెన్ను పక్కనుంచి పోయింది.

"ఏవండీ, కదలకండి. మీరూ రెండు వేళ్లు కుడికున్నారు."

"ఏంటీ?"

"మీకూ నడుం వంకరేనా ఏంటి?"

శివనాగరాజు మెడ తిప్పి చూడబోయాడు. ఆమె అతని భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"ఏడు శనివారాలు వాడపల్లి గుడికి మీ వెనకాల కూర్చుని వచ్చేను కదండీ. నేను ఎడంపక్కకి కూర్చుంటే మీరు కుడిపక్కకి వాలి బండి నడుపుతారు. ఆడవాళ్లం చీరతో రెండు కాళ్లూ ఎడంపక్కకే వేస్తాం, బరువంతా అటే. మీరు ఇటు వాలితేనే బండి నిలబడుతుంది. పెదబాబుగారూ అంతే. ఆయన వంకర నడుం వల్ల కాదండీ. వెనకాల ఆవిడుందనుకుని కూర్చున్నారు. సోమవారమే అనిపించింది నాకు. మీరు అంత సంబరంగా ఉంటే నోరు రాలేదు."

శివనాగరాజు నమ్మలేదు. నమ్మకపోతే చూడండంటూ ఆమె రామ్మూర్తిని పిలిచింది. రామ్మూర్తి చేతిలో గరిటెతోనే వచ్చి, నన్నూ డొక్కల్లో పడెయ్యరు కదా అంటూ పీటెక్కి వెదురుకర్ర పట్టుకున్నాడు. సూర్యకుమారి దారం వదిలింది. గుండు ఊగి ఊగి ఆగింది.

రెండు వేళ్లు, కుడికి.

నవ్వబోయిన శివనాగరాజు ఆగిపోయాడు. రామ్మూర్తి భార్య పోయి ఎన్నో ఏళ్లయింది. ఆయనిప్పటికీ పాలక్యాన్లు కట్టుకుని ఒంటరిగానే బండి మీద తిరుగుతాడు, ఇప్పటికీ అటే వాలి.

"ఏంటర్రా, మాట్లాడరేం?" అన్నాడు రామ్మూర్తి. సంగతి చెప్పారు. ఆయన వంగి తన కాళ్లకేసి చూసుకున్నాడు. "అదా. అందుకేనన్నమాట, నా కుడిచెప్పే ముందరిగిపోతుంది" అని లేచి, టీ పొంగిపోతోందంటూ వెళ్లిపోయాడు. ఆ పూట ఇద్దరికీ టీ పంపించాడు, పంచదార సరిగ్గా వేసి.

శుక్రవారం పొద్దున్న సత్యనారాయణమ్మగారిని పిలిపించారు. ఆవిడ బుట్టతో, కేరియర్తో, తోటకి వెళ్లే అవతారంతోనే వచ్చింది.

"నాకు కొలతలేంటయ్యా, నేనేమన్నా ఇంజిన్నా?" అంది.

"మీరు రోజూ కూర్చున్నట్టే కూర్చోండి అమ్మగారూ, అంతే" అన్నాడు శివనాగరాజు.

పెదబాబుగారు ముందు కూర్చున్నారు. ఆవిడ ఎడంపక్కన ఎక్కి కూర్చుంది. కూర్చోవడమంటే ఏముంది, సగం మనిషి సీటు మీద, సగం మనిషి గాలిలో. ఒక కాలి మునివేళ్లు పక్కనున్న చిన్న ఇనపముక్క మీద, రెండో కాలు వేలాడుతూ. ఒళ్లో బుట్ట, బుట్టలో కేరియర్. ఎడంచెయ్యి బుట్ట మీద. కుడిచెయ్యి వెనక్కి పోయి సీటు కింద గొట్టాన్ని పట్టుకుంది, చూడకుండానే, తలుపు గడియ దొరికినట్టు. అక్కడ పట్టుకోడానికి గొట్టం ఉంటుందని ఆ చేతికి తెలుసు. అలా పట్టుకుని పట్టుకుని అరచేతికి అడ్డంగా నల్లటి కాయ కాసింది.

శివనాగరాజు ఆ చెయ్యి వంకే చూస్తుండిపోయాడు. సిగ్గేసింది అతనికి. ఎక్కేది ఇద్దరు. తను ఒకళ్లకే కొలత తీశాడు. తనొక్కడేనా, బండ్లు చేసిన వాళ్లందరూ అంతే. వెనక మనిషి కూడా కాళ్లు చెరో పక్కకీ వేసుకుని కూర్చుంటుందని అనుకుని చేశారు. ఇక్కడ ఏ అమ్మ అలా కూర్చుందని?

"నొప్పి పుట్టదాండీ?" అంది సూర్యకుమారి.

"ఎందుకు పుట్టదమ్మాయ్? నడుం సాయంత్రానికి కొయ్యబారిపోద్ది. ఆయన నాకూ నొప్పే అంటారు. నాది దిగినా ఉంటుంది, ఆయనది కాఫీ తాగితే పోద్ది."

"నువ్వెప్పుడూ చెప్పలేదే" అన్నారు పెదబాబుగారు, వెనక్కి తిరిగి.

"ముందు చూసి నడపండి" అందావిడ, బండి కదలకపోయినా.

ఇక కొలతలు. శివనాగరాజు వెళ్లి కాలవకేసి తిరిగి నిలబడ్డాడు, పెద్దింటావిడ దగ్గర టేపు పట్టుకోడమేంటని. సూర్యకుమారి కొలిచి గట్టిగా చెబుతుంటే, అతను కాలవతో మాట్లాడుతున్నట్టు తిరిగి చెప్పుకుని రాసుకున్నాడు. తొడ పొడుగు, మోకాలి నుంచి పాదం, ఒళ్లో బుట్ట వెడల్పు.

"బుట్ట కూడానా?" అంది సత్యనారాయణమ్మగారు.

"బుట్ట లేకుండా మీరెప్పుడన్నా ఎక్కేరాండీ?" అంది సూర్యకుమారి. ఆవిడ ఆలోచించి, లేదంది.

వాళ్లు వెళ్లాక శివనాగరాజు గ్రైండరు పట్టుకుని ఫ్రేము వెనక సగం ముందు నిలబడ్డాడు. చేపపొలుసుల అతుకులు. బతుకులో అంత బాగా ఎప్పుడూ అతకలేదు. కొయ్యడానికి చెయ్యి రాలేదు. సూర్యకుమారి వచ్చి గొట్టం రెండో కొస పట్టుకుంది, తెగినప్పుడు కిందపడకుండా.

"ఊఁ" అంది.

"ఊఁ" అన్నాడు. నిప్పురవ్వలు కాలవగట్టు దాకా లేచాయి.

కుడిపక్క కిందకి దించిన, కాలుపెట్టుకునే ముక్క మళ్లీ పైకి తెచ్చాడు. వాల్చిన సీటు అంచు లేపాడు. వెనక సీటు గొట్టాలు రెండూ మూడు వేళ్లు కుడికి జరిపి కట్టాడు, ఆవిడ ఎడంపక్కకి కూర్చున్నా బరువు నడిమికి పడేలా. ఎడంపక్కన రెండు పాదాలూ పట్టే పలక. దానికి ముందు చిన్న అంచు, చెప్పు జారకుండా. వెనకాల నడుం ఆనడానికి వంచిన గొట్టం. ఆ గొట్టానికి ఇసుక వేయిస్తుంటే ఈసారి రామ్మూర్తి తనే వచ్చి పొయ్యిలో పుల్లలు ఎగదోశాడు. పొద్దుగూకే వేళకి బండి బల్ల మీద నిలబడింది. ముందు నుంచి చూస్తే తిన్నగా ఉంది. వెనక నుంచి చూస్తే కొంచెం వంకరగా, ఎవరికోసమో చోటిచ్చి జరిగినట్టుగా ఉంది.

శనివారం పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ వచ్చారు. సత్యనారాయణమ్మగారు ఎక్కి, రెండు పాదాలూ పలక మీద పెట్టి, వెనక్కి ఆని, కుడిచేత్తో సీటు కింద వెతుక్కుంది. అక్కడేమీ లేదు. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక కాసేపు పట్టుకుని చూసుకుంది.

బండి బయల్దేరింది. బయల్దేరి, మళ్లీ కుడికి తిరిగింది.

రామ్మూర్తి కొట్టు వదిలి పరిగెత్తుకొచ్చాడు. బండి డొక్కల పోగు కేసి పోతోంది. అప్పుడు వెనకనుంచి సత్యనారాయణమ్మగారి గొంతు, తాపీగా, అందరికీ వినబడేట్టు.

"నిటారుగా కూర్చోండి. నేను పడిపోను."

ఆయన వీపు కదిలింది. ఇన్నేళ్ల వాలు ఒక్కమాటకి పోతుందా? కాస్త లేచింది, మళ్లీ వాలింది, మళ్లీ లేచింది. ఆవిడ ఆయన కుడిభుజం కింద వేలు పెట్టి పైకి తోసింది, పిల్లాణ్ణి బడిలో కూర్చోబెట్టినట్టు. ఈసారి వీపు నిలబడింది. బండి డొక్కల్ని వదిలి, బాట మీదకొచ్చి, చప్టా నడిమధ్య నుంచి తిన్నగా అవతలికి పోయింది. తిన్నగా అంటే, దారం లాగినట్టు.

పోయినవాళ్లు ఎంతకీ రాలేదు. శివనాగరాజు చప్టా దాకా వెళ్లాడు, వెనక్కొచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఎండెక్కింది. బోదెలో పడ్డారేమో వెళ్లి చూడరా అంటున్నాడు రామ్మూర్తి. అంతలో కొబ్బరిచెట్ల మధ్యనుంచి ఇంజిను చప్పుడొచ్చింది. బండి చప్టా ఎక్కింది. పెదబాబుగారు గుడిలో ధ్వజస్తంభంలా కూర్చుని నడుపుతున్నారు. వెనకాల సత్యనారాయణమ్మగారు గొడుగు వేసుకుని కూర్చుంది. ఎడంచెయ్యి బుట్ట మీద, కుడిచేత్తో గొడుగు, ఇద్దరికీ నీడ పడేలా. రామ్మూర్తి కొట్లో టీ తాగుతున్న వాళ్లు గ్లాసులు దించి చూశారు.

"తోటంతా తిప్పించేనయ్యా" అందావిడ దిగకుండానే. "మూడో బోదె అవతల మామిడిచెట్టుందని ఇన్నాళ్లూ నాకు తెలీదు. దారంతా పడిపోతానేమోనని కిందకే చూసేదాన్ని."

"చూశావా శివా" అన్నారు పెదబాబుగారు. "నడుం నొప్పి లేదయ్యా."

బండి మళ్లీ చప్టా దాటింది, ఇంటికి కాదు, తోటకే. శివనాగరాజుకి కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు, పొగకని అనుకుంటే అనుకోనీ. చేతులు కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు.

"నేను రాజోలు వెళ్లొస్తానే. సాయంత్రం అయిపోతే పాస్‌పోర్టు బొంబాయి వెళ్లిపోద్ది. వెనక్కి తెచ్చేసుకుంటాను. ఈ బండి నడిస్తే ఇక్కడే ఉండిపోదామని ఒట్టు పెట్టుకున్నాను. నీకు చెప్పలేదు."

సూర్యకుమారి మిగిలిన గొట్టం ముక్కకి ఆకురాయి పెట్టి రాపుతోంది. రాపు ఆపలేదు.

"రాజోలు వెళ్లక్కర్లేదండీ. పాస్‌పోర్టు ఇంట్లో ఉంది, బియ్యం డబ్బాలో. మంగళవారమే తెచ్చేసేను."

శివనాగరాజుకి ఏజెంటు ఎందుకు ఫోను చెయ్యలేదో, ఒక ఆకురాయికి సాయంత్రం దాకా ఎందుకు పట్టిందో అప్పుడర్థమైంది.

"మంగళవారమా? మంగళవారానికి గొట్టాలే వంచేం. చక్రాలు కూడా పెట్టలేదు."

"ఆయ్."

"బండి నడవకపోయుంటే?"

"గేట్లు చేసుకుందుం. గేట్లకేమండీ, మనూళ్లో మీ గేటు ఒక్కటీ కిర్రుమనదు."

"మరి నన్నొక మాటైనా అడగలేదేం?"

ఆమె గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, మూతి చూసుకుంది.

"మీరు ఇచ్చేటప్పుడు నన్నడిగేరేంటండీ?"

శివనాగరాజు మార్చుకున్న చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. షెడ్డు మూల టార్పాలిన్ కింద ఒక పాత ఇంజినుంది, గల్ఫు నుంచొచ్చిన కొత్తలో తనకోసం కొనుక్కుని, పనుల్లో పడి ముట్టుకోనిది. టార్పాలిన్ లాగి పక్కన పడేశాడు. ఎత్తుపీట తెచ్చి దూలం కింద వేశాడు. టేపు తీశాడు.

"ఇప్పుడెవరికండీ కొలత?" అంది సూర్యకుమారి.

"మనకే" అన్నాడు. "రా. ముందు నువ్వు కూర్చో."